వెనక సీటు మీంచి బుల్లెట్టు చరిత్ర

బియ్యం పాతవి కావాలి, చింతపండు కొత్తది కావాలి. ఈ సంగతి మనకి ఎవరూ బళ్లో చెప్పలేదు. వండి వార్చి తెలుసుకున్నాం. అందుకే పాతది మంచిదా, కొత్తది మంచిదా అని ఎవరైనా అడిగితే ‘దేంట్లో?’ అని ఎదురు ప్రశ్న వెయ్యడం మనకి అలవాటు. మోటారు సైకిళ్ల విషయంలో మాత్రం మగవాళ్లు ఆ ఎదురు ప్రశ్నకి చోటివ్వరు. పాత బుల్లెట్టు ముందు కొత్తవన్నీ దిగదుడుపే అని ఒకరు, ఆ ఇనప సామాను ఇంకా ఎవరిక్కావాలని ఇంకొకరు. పెళ్లిపందిట్లో ఈ మాట మొదలైతే అప్పగింతల దాకా తెగదు.

ఈ వాదన నేను నలభై ఏళ్లుగా వింటున్నాను. విన్న చోటు కూడా చెప్పాలి కదా, వెనక సీటు. ముందు సీటులో కూర్చున్నవాళ్లు చెప్పిన మోటారు సైకిళ్ల చరిత్రలు బోలెడున్నాయి. ఇంజను ఎన్ని గుర్రాల బలం, ట్యాంకు ఎన్ని లీటర్లు, అన్నీ వుంటాయి వాటిలో. ఒక చేత్తో చీర కుచ్చెళ్లు, ఇంకో చేత్తో పిల్లవాణ్ని పట్టుకుని వెనక ఒకపక్కకి కూర్చున్న మనిషికి ఆ బండి ఎలా వుండేదో మాత్రం ఒక్క ముక్క వుండదు.

ఇప్పుడీ గొడవంతా క్రూజర్ల గురించి. క్రూజరు అంటే మరేమీ కాదు, సీటు కిందికి, హ్యాండిలు పైకి, కాళ్లు ముందుకి పెట్టుకుని కూర్చునే బండి. పడక కుర్చీకి చక్రాలు తగిలించినట్టు వుంటుంది. గబగబా పోయి ఎవరినో దాటెయ్యడానికి కాదు; పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా నడుం పట్టెయ్యకుండా పోవడానికి. అమెరికావాళ్ల పొడుగాటి రోడ్ల మీద హార్లీ డేవిడ్‌సన్, ఇండియన్ అనే కంపెనీలు పెంచి పోషించిన తరహా ఇది. మన బుల్లెట్టు అసలు క్రూజరు కాదని తెలిసినవాళ్లు సన్నాయి నొక్కులు నొక్కుతారు. నిజమే కావచ్చు. కానీ ఆ మాట మన దేశానికి రాకముందు ఆ పని చేసింది అదే. 2002లో అదే కంపెనీ తెచ్చిన థండర్‌బర్డ్, 2020 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన మీటియర్ 350, రెండూ పేరుకీ రూపానికీ క్రూజర్లు. రెండూ బుల్లెట్టు కడుపున పుట్టినవే.

ఆ బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరు. ఆ ఊరు దేనికి ప్రసిద్ధో తెలిస్తే మీరు నవ్వుతారు. సూదులకి! పందొమ్మిదో శతాబ్దంలో లోకంలో ఆడవాళ్లు బట్టలు కుట్టిన సూదుల్లో చాలాభాగం అక్కడ చేసినవే. ఈ కంపెనీకి మూలపురుషుడైన జార్జి టౌన్సెండ్ కూడా సూదులు చేసినవాడే. సూదుల తరవాత సైకిళ్లు, సైకిళ్ల తరవాత ఎన్‌ఫీల్డ్ అనే చోట వున్న ప్రభుత్వ ఆయుధాల ఫ్యాక్టరీకి తుపాకి భాగాలు. పేరు అక్కణ్నించి వచ్చింది, ‘తుపాకిలా తయారైంది’ అనే బిరుదూ అక్కణ్నించే. 1901లో మొదటి మోటారు సైకిలు, 1932లో బుల్లెట్టు అనే పేరు. సూదితో మొదలై తూటా దాకా వచ్చారన్నమాట.

వెనక సీటు చరిత్రలో అసలైన తేదీ వేరే వుంది. 1949లో వచ్చిన 350 సీసీ బుల్లెట్టుకి వెనక చక్రం పైకీ కిందికీ ఆడేలా స్ప్రింగులు పెట్టారు. అంతకుముందు చాలా మోటారు సైకిళ్లకి వెనక చక్రం చట్రానికి బిగించేసి వుండేది. తోలేవాడి సీటు కిందయినా రెండు స్ప్రింగులుండేవి గానీ, వెనకవాళ్లకి రోడ్డు మీద గుంట వెన్నుపూసకే తగిలేది. ఎద్దుబండిలో కింద గడ్డి పరుచుకుంటాం; దీంట్లో అదీ లేదు. ఆ రోజుల్లో పందేల్లో తిరిగేవాళ్లకి వెనక స్ప్రింగులంటే నమ్మకం వుండేది కాదట. నమ్మించింది బుల్లెట్టే. ‘పాతవన్నీ మంచివి’ అనేవాళ్లు ఈ బుల్లెట్టు కూడా ఒకనాడు కొత్తదేనని, అప్పటి పాతకాలంవాళ్లు దాన్నీ అనుమానంగానే చూశారని మరిచిపోతారు.

1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి ఈ బళ్లని వందల సంఖ్యలో కావాలంది. అన్ని బళ్లు ఓడల మీద తెప్పించుకునే కన్నా ఇక్కడే చేసుకుంటే పోలేదా అన్న ఆలోచన వచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లూ రెడ్డిచ్ వాళ్లూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో. మద్రాసు మనది కాదని తేలిపోయిన రెండేళ్లకి బుల్లెట్టు మద్రాసుదైంది! మొదట్లో భాగాలు అక్కణ్నించి వస్తే ఇక్కడ బిగించేవారు. 1962 నాటికి అన్నీ ఇక్కడే తయారయ్యేవి.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ‘ఇండియన్’ అనే పేరుతో మోటారు సైకిళ్లు అమ్ముడయ్యేవి. పేరు ఇండియన్, కొనేవాడు అమెరికన్, బండి మాత్రం రెడ్డిచ్‌లో చేసిన రాయల్ ఎన్‌ఫీల్డు. బిళ్ల మార్చి పంపేవారు. అసలు ఇండియాలో తయారయ్యే బండికి మాత్రం ఇంగ్లీషు పేరు.

తరవాత జరిగింది నాకు ఎప్పుడూ ఒక ఇంటి కథలాగే అనిపిస్తుంది. కోడలిగా మద్రాసు వచ్చిన పిల్ల ఇక్కడ కుదురుకుంది. పుట్టిల్లు చితికిపోయింది. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, ఇంగ్లండులో మిగిలిన కాస్త వ్యాపారం 1970లో. పుట్టింటివాళ్లు ఆనవాలు లేకుండా పోయినా ఈ పిల్ల మాత్రం ఆ ఇంటి పద్ధతులు ఏవీ మార్చలేదు. అదే ఇంజను, అదే ట్యాంకు, హెడ్‌లైటుకి రెండు పక్కలా పిల్లికళ్లలాంటి అవే చిన్న దీపాలు. 1977లో మద్రాసు బుల్లెట్లు ఇంగ్లండుకీ యూరపుకీ ఎగుమతి కావడం మొదలైంది. అక్కడివాళ్లు తమ ముత్తవ్వ నగ మళ్లీ దొరికినట్టు మురిసిపోయారు.

మార్చలేదు సరే, ఎందుకు మార్చలేదు? మావారిలాంటి అభిమానుల్ని అడిగితే ‘మార్చాల్సిన అవసరం లేక’ అంటారు. నాకు అంత నమ్మకం లేదు. లైసెన్సుల రోజుల్లో పోటీ లేదు. రాజ్‌దూత్, మైసూరు నుంచి జావా, తరవాత దాని పేరు మార్చుకున్న యెజ్డీ, ఇదీ మొత్తం బజారు. కొనేవాళ్లు క్యూలో నించుని వుంటే ఏ దుకాణదారుడు సరుకు మారుస్తాడు చెప్పండి? 1985లో హీరో హోండా వచ్చి, కిక్కు ఒక్కటి మెల్లగా తొక్కితే కదిలి, లీటరు పెట్రోలుకి ఎంతో దూరం పోయేసరికి బుల్లెట్టు పెద్దరికం సగం కరిగిపోయింది. మధ్యలో 1993లో డీజిలు బుల్లెట్టు కూడా తెచ్చారు. లీటరు డీజిలుకి ఊరంతా తిరిగొచ్చేది గానీ, అది ఎక్కడున్నదీ వీధి చివరి వాళ్లకి కూడా తెలిసేది. కంపెనీని 1994లో ఐషర్ వాళ్లు తీసుకున్నారు. 2000లో ఇరవయ్యారేళ్ల సిద్ధార్థ లాల్ చేతికి ఇచ్చారు. నిలబెడతావో మూసేస్తావో చూడు అన్నంత పరిస్థితి.

పాత బుల్లెట్టు స్టార్టు చెయ్యడం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతాను, అదొక సంధ్యావందనం. ముందు పెట్రోలు తిప్పాలి. తాళం తిప్పాలి. హెడ్‌లైటు మీద యాంపియర్ మీటరు వుంటుంది. కిక్కు మెల్లగా తొక్కుతూ దాని ముల్లు మధ్యకి వచ్చేదాకా చూడాలి. ఎడమచేతి దగ్గర చిన్న మీట నొక్కి ఇంజనులో పట్టిన గాలి వదలాలి. మీట వదిలి, కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తొక్కు తొక్కాలి. కుదిరితే దుగ్ దుగ్ దుగ్. కుదరకపోతే కిక్కు రాడ్డు వెనక్కి తిరిగి పిక్క మీద తంతుంది. ఆ దెబ్బ తిన్నవాళ్లు కుంటుతూ కూడా గర్వంగా చెప్పుకుంటారు. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. లోకంలో తక్కిన బళ్లన్నీ ఇంకోలా వుంటే ఇది ఇలా. ఇవన్నీ వచ్చినవాడే బుల్లెట్టుకి అర్హుడు.

మా బాబాయిగారు పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు. అరవైల్లో ఆయన బండి వీధి మొదట్లో వినపడితే పిన్ని పొయ్యి మీద కాఫీ నీళ్లు పెట్టేది. చప్పుడు గుమ్మం ముందు ఆగేసరికి కాఫీ గ్లాసులో వుండేది. ఆ చప్పుడు కథ కూడా వుంది. ఇంజనులో వున్న ఒకే ఒక్క పిస్టను అడ్డం 70 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ తిరిగే దూరం 90. పొడుగాటి దారి, బరువైన చక్రం, అందువల్ల ఇంజను నిమ్మళంగా, ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినిపించేలా తిరిగేది. సన్నికల్లు మీద పచ్చడి నూరడానికీ, మిక్సీలో తిప్పడానికీ వున్న తేడా అనుకోండి. ఆ నాదం మీద మమకారం పడ్డవాళ్లని నేను వెక్కిరించను.

కానీ వెనక సీటు మాటేమిటి? ఒకే పిస్టను అంత బరువుగా ఎగిరి దూకుతుంటే ఆ కుదుపంతా ఎక్కడికి పోతుంది? వాషింగు మెషీనులో తడి దుప్పటి ఒకపక్కకి చేరినప్పుడు మెషీను గెంతుతుంది చూడండి, అలా. కాస్త వేగం అందుకునేసరికి ఫుట్‌రెస్టులు చిటపటలాడేవి, అద్దంలో వెనక వచ్చేవాళ్లు నలుగురు ఎనిమిదిమందిగా కనపడేవారు. దిగాక కాసేపు అరికాళ్లు జుమ్మనేవి. ఇంజను వేరు, గేరుబాక్సు వేరుగా చేసి కలిపిన బండి. అతుకులెక్కువైన గిన్నెకి కారే చోట్లూ ఎక్కువే కదా. పాత బుల్లెట్టు నిలిపిన ఇంటి గచ్చు మీద నూనె మరక చూసి సంబంధంవాళ్లు ‘బండి వుందన్నమాట’ అని పోల్చుకునేవారు.

పైగా బ్రేకులు. అంత బరువుకి ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. తోలేవాళ్లకి బ్రేకు తన చేతిలో వున్నదన్న ధైర్యం వుంటుంది. వెనక ఒకపక్కకి కూర్చున్నవాళ్లకి చేతిలో వుండేది పక్కనున్న పిడి ఒక్కటే. ఆ పిడి, కాళ్లు పెట్టుకునే పలక, చీర చక్రంలో పడకుండా కాపాడే జాలీ, ఇవి కూడా చాలాకాలం షాపువాడి దయ మీద వుండేవి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వీటిని తప్పనిసరి చేసింది. వెనక చక్రంలో కనీసం సగానికి అడ్డు వుండాలని రాశారు. రాసినవారెవరో గానీ వారింట్లో ఎవరికో కొంగు చిక్కుకునే వుంటుందని నా అనుమానం. 2010లో హార్లీ డేవిడ్‌సన్‌వాళ్లు మన దేశంలో తొలిరోజుల్లోనే హైదరాబాదులో షోరూము తెరిచారు. ఆ లక్షల ఖరీదు అమెరికా క్రూజర్లకి కూడా ఈ జాలీ తగిలించక తప్పలేదు.

ఇక కొత్తవాటి సంగతి. 2000 తరవాత సెల్ఫ్ స్టార్టు వచ్చింది, గేర్లు ఎడమకాలికి మారాయి, 2008 నుంచి ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టెలోకి చేరాయి. ఇనప ఇంజను 2010 ప్రాంతంలో శాశ్వతంగా సెలవు తీసుకుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే బ్రేకు, తప్పనిసరైంది. 2020 ఏప్రిల్ నుంచి పొగ నిబంధనలు బిగించేసరికి కార్బొరేటరు పోయి కంప్యూటరు వచ్చింది. ఆ ఏడే వచ్చిన మీటియర్‌కి పూర్తిగా కొత్త ఇంజను. పిస్టను 72 మిల్లీమీటర్లు, తిరిగే దూరం 85.8. దాని కుదుపుకి ఎదురు తిరిగి సరిపుచ్చే బరువు ఒకటి లోపలే పెట్టారు. అదే ఇంజను 2021లో క్లాసిక్‌కి, 2023లో బుల్లెట్టుకి కూడా వచ్చింది. వీటి రూపకల్పనలో సగం పని 2017లో ఇంగ్లండులో తెరిచిన వాళ్ల సొంత సాంకేతిక కేంద్రంలో జరిగింది. కోడలు పుట్టింటి దేశంలో మళ్లీ ఇల్లు కట్టుకుంది!

అభిమానులు ఒక లెక్క అడుగుతారు, అడగాల్సిందే. పాత 350 బుల్లెట్టు బలం 18 గుర్రాలు. మీటియర్‌ది 20 చిల్లర. అరవై ఏళ్ల ప్రగతి అంతా కలిపి రెండు గుర్రాలు! బరువు చూస్తే పాతది సుమారు 170 కిలోలు, మీటియర్ 191. వచ్చిన రెండు గుర్రాలూ పెరిగిన బరువు మొయ్యడానికే సరిపోయాయి. ఇంకో మాట కూడా వాళ్లదే నిజం. పాత ఇంజనుని ఏ ఊళ్లోనయినా వేపచెట్టు కింద మెకానిక్కు గోనెపట్టా పరిచి, నాలుగు స్పానర్లతో విప్పి బిగించేవాడు. దశాబ్దాలపాటు ఏమీ మార్చకపోవడంలో వున్న లాభం అది. ఏ సంవత్సరం బండి సామాను ఏ సంవత్సరం బండికైనా ఇంచుమించు సరిపోయేది. కొత్తదానికి దీపం వెలిగితే కంప్యూటరు తగిలించి చూడాలి. చెట్టు కింద అబ్బాయి చేతులు కట్టుకుని నించోవాలి. బండి మారితే మారింది గానీ, అంత విద్య వున్న చేతులు ఖాళీ అవడం నాకు కష్టంగానే వుంటుంది.

చప్పుడు కూడా తగ్గింది. తగ్గిందని కుర్రాళ్లు అసలు సైలెన్సరు పీకి వేరేవి పెట్టించుకోవడం, పోలీసులు వాటిని పోగేసి రోడ్డు రోలరు కింద తొక్కించడం పేపర్లో చదువుతూనే వున్నాం. పసిపిల్లల్ని జోకొట్టే తల్లులు ఆ రోడ్డు రోలరుకి హారతి పట్టినా తప్పులేదు.

అయినా నా తీర్పు కొత్తదానికే. కారణం బ్రేకులొక్కటే కాదు, కుదుపు తగ్గడం ఒక్కటే కాదు. కిక్కు పోవడం. మీటియర్‌కి అసలు కిక్కు రాడ్డే లేదు. చూడడానికి చిన్న ఇనప కమ్మీయే గానీ, ఇంట్లో ఆడవాళ్లకీ ముందు సీటుకీ మధ్య యాభై ఏళ్లు అడ్డంగా నిలబడింది అదే. ‘నీ వల్ల కాదులే, కాలు విరుగుతుంది’ అంటే ఇంక మాట్లాడేందుకేం వుంది? దానికి తోడు ఎత్తయిన సీటు. మా మేనకోడలు అయిదడుగుల ఒక్క అంగుళం. మీటియర్ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, అంటే మన లెక్కలో ముప్ఫయి అంగుళాలు. రెండు పాదాలూ నేలకి ఆనించి, ఒక మీట నొక్కి బయల్దేరుతుంది. ‘అదేం తోలడం, అది స్కూటరు’ అని మావారు. ‘అవును మామయ్యా, మిక్సీలో రుబ్బితే ఇడ్లీ కాదన్నట్టు’ అని అది.

పాతదాని మీద ఆడవాళ్లు ఎక్కనేలేదని కాదు. సరిహద్దు భద్రతా దళంలో సీమా భవానీ అనే మహిళా దళం 2018 గణతంత్ర దినాన బుల్లెట్ల మీద నిలబడి, పిరమిడ్లు కట్టి ఢిల్లీ రాజవీధిలో నడిచిన సంగతి టీవీలో మీరూ చూసే వుంటారు. సరిహద్దు గస్తీ కోసం తెప్పించిన బండి కదా ఇది. సరిహద్దులోని ఆడపిల్లలకి అందడానికి అరవై ఏళ్ల పైన పట్టింది. అదే ఏడాది హైదరాబాదు నుంచి జయభారతి, ఆవిడతో మరో ముగ్గురు ఆడవాళ్లు బజాజ్ డొమినార్ల మీద బయల్దేరి బర్మా మీదుగా మెకాంగ్ నది దేశాలు చుట్టి వచ్చారు, దాదాపు పదిహేడు వేల కిలోమీటర్లు. సైన్యంలో శిక్షణా, పట్టుదలా వున్నవాళ్లకి ఏ బండయినా లొంగుతుంది. నేనంటున్నది కూరలకి వెళ్లొచ్చేవాళ్ల గురించి, ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్ల గురించి. వాళ్లకి అందాలంటే బండే కొంచెం దిగి రావాలి.

2021లో ‘బుల్లెట్టు బండి’ పాట వచ్చింది. మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు బరాతులో ఆ పాటకి నడివీధిలో ఆడితే తెలుగుదేశమంతా మురిసిపోయింది. నేనూ మురిశాను. కాకపోతే ఆ పాటలో కూడా పిల్ల అడిగేది వెనక ఎక్కించుకు పొమ్మనే. ఇంకో నాలుగేళ్లు పోయాక తాళాలు అడిగే పాట ఎవరైనా రాస్తారేమో చూడాలి.

కొన్నిటిని మాత్రం కంపెనీవాళ్లు మార్చకుండా మంచిపని చేశారు. నల్ల బుల్లెట్టు ట్యాంకు మీద బంగారు గీతలు యంత్రంతో కాదు, ఇప్పటికీ చేత్తో, కుంచెతో గీస్తారు. ముగ్గుపిండి రెండు వేళ్ల మధ్య వదిలినట్టు ఒక్క ఊపులో వంపు తిరగాలి. మధ్యలో ఆగితే పాడయినట్టే. ఆ పిల్లికళ్ల దీపాలూ వుంచారు. మీటియర్ అనే పేరు కూడా కొత్తది కాదు, 1950ల్లో రెడ్డిచ్‌లో చేసిన బండి పేరే.

పోయిన నెల మా మేనకోడలు దాని బండి మీద వాళ్ల మామయ్యని మంగళగిరి తీసుకువెళ్లి వచ్చింది. వెనక వీపు ఆనించుకోవడానికి దిండు వున్న రకం అది. గుమ్మంలో దిగి చెప్పులు విప్పుతూ ఆయన అన్న మాటలు రెండే. ‘బ్రేకులు బాగున్నాయి. చప్పుడే లేదు.’ మూడోది అడుగుదామనుకుని, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోయాను.